వరసలో చివరి సంచి

రెన్, మంగళవారం సాయంత్రం

నా ఎర్వేకి,

బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, కూర్చున్నాకే ఇది చదువు. ఫోనులో చెబితే మధ్యలో అందుకుంటావని రాస్తున్నాను. మన ఎనోరా హాస్టలు నడవ చివరనున్న స్నానాల గదికి వెళ్లింది. నేను దాని మంచం మీద కూర్చుని, దాని కలంతోనే, దానికి తెలియకుండా రాస్తున్నాను.

మధ్యాహ్నం క్లాసులున్నాయని చెప్పింది. "వానగా ఉందమ్మా, గదిలో పడుకో," అంది. మన సముద్రం ఒడ్డున పుట్టిపెరిగినదానికి ఇదొక వానా? నీలం రెయిన్‌కోటు తొడుక్కుని బయలుదేరాను. ఈ ఊళ్లో ఎంత నడిచినా నా ఈడువాళ్లు కనబడరు. సెంతాన్ చౌకులో పిల్లలు చినుకుల్లోనే బల్లల చుట్టూ చేరి బీరు తాగుతున్నారు. ఒకదాని మీదికొకటి ఒరిగిన ఆ పాత చెక్క ఇళ్ల కింద, సైకిళ్లను తప్పించుకుంటూ, కనిపించిన సందల్లా తిరిగాను. చివరికి దారి తప్పాను. తప్పినా బెంగ లేదు. మన పిల్ల ఇంత హుషారైన ఊళ్లో చదువుకుంటోందని ఛాతీ పొంగింది.

నది దాటాక ఒక హాలు ముందు పెద్ద వరస. అందరూ పిల్లలే, నవ్వులూ కబుర్లూ. నాటకానికి టిక్కెట్లు ఇస్తున్నారనుకున్నాను. రాత్రికి ఎనోరాని తీసుకెళ్దామని నేనూ నిలబడ్డాను. నా ముందున్న ఎర్రజుట్టు పిల్లని అడిగాను, "ఈవేళ ఏముందమ్మా?" అని.

"తెలీదు మేడమ్. పోయినవారం అన్నీ ముల్లంగులే," అంది.

ఈకాలం నాటకాలు అలాగే ఉంటాయి కాబోలనుకుని ఊరుకున్నాను.

గుమ్మం దాటాకగానీ తెలియలేదు. బల్లల మీద కూరగాయలు, డబ్బాలు, రొట్టెలు. చేతిలో డబ్బుల్లేని విద్యార్థులకి ఉచితంగా సరుకులు పంచే చోటది. ఒక పెద్దాయన నా చేతిలో సంచి పెట్టాడు. "నేను చదువుకునేదాన్ని కాదండీ," అనబోయాను. ఆయన గొంతు తగ్గించి, "ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు మేడమ్, తీసుకోండి," అన్నాడు. అంత మర్యాదగా అన్నాక, నాటకమనుకున్నానని ఎలా చెప్పను? సంచి పట్టుకుని పక్క తలుపులోంచి బయటపడ్డాను. వెనకనుంచి ఆయన మాట వినబడింది. "అయిపోయాయి పిల్లలూ. గురువారం రండి."

వరస చెదిరిపోయింది. ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకుంటూ వెళ్తున్నవాళ్లలో మన ఎనోరా ఉంది.

పిలవలేదు ఎర్వే. గోడ చాటుకు తప్పుకున్నాను. కన్నబిడ్డకి దక్కాల్సిన తిండి చేతిలో పట్టుకుని దొంగలా నక్కాను. నిన్న అది నాకు కారెట్ సూపు చేసి పెట్టింది. "ఇంత పలచగానా? వెన్న వేయడం కూడా మరిచిపోయావా?" అని ఎగతాళి చేశాను. చేసి, మళ్లీ వడ్డించుకున్నాను. తను మాత్రం క్యాంటీనులో తినేశానంది.

చర్చి ముందు నిలబడి మనం ఎన్నిసార్లు చెప్పుకున్నాం, "మా కొడుకు లోయిక్‌గాడు ఎప్పుడూ చెయ్యి చాపుతూనే ఉంటాడు, మా ఎనోరా మాత్రం నోరు తెరిచి ఏదీ అడగదు," అని? అదీ దాన్ని పక్కన పెట్టుకునే.

సంచి మంచం కింద తోశాను. నడవలో చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆపుతాను.

మారివోన్

రెన్, బుధవారం

ఎర్వే,

నిన్నటి ఉత్తరం పోస్టు చేయలేదు. ఇది కూడా అదే కవరులో పెడుతున్నాను.

అది తల తుడుచుకుంటూ గదిలోకి రాగానే సంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఇది నీది," అని మాత్రం అన్నాను. అది సంచి వంకే చూసింది, నా వంక చూడలేదు.

"తెలుసమ్మా. నీ రెయిన్‌కోటు వీధి మొగలోంచే కనబడింది. ఒక పొడుగాటి కుర్రాడి వెనక దాక్కున్నాను."

"పిలవొచ్చు కదే."

"నువ్వు పిలిచావా?"

తువ్వాలు కుర్చీ మీద ఆరేస్తూ అదే అంది. "నా వెనకున్నవాడు, 'ఆ ముసలావిడ ఏ డిగ్రీ చదువుతోందట?' అని వెటకారం చేశాడు. మా అమ్మ అని చెప్పలేకపోయాను."

"నన్ను చూశాక వెళ్లిపోవాల్సింది. ఎందుకు నిలబడ్డావే?"

"రాత్రికి నీకు పెట్టడానికి గదిలో ఏమీ లేదమ్మా."

తను పనిచేసే అట్ల హోటలు చలికాలంలోనే మూసేశారట. అద్దె పోగా ఏమీ మిగలడం లేదట. మాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"ఎలా చెప్పను? నేనేమీ అడగనని ఊరంతా చెప్పుకుంటారు మీరు. నాలో మీకు నచ్చింది అదొక్కటే అనిపించేది. లోయిక్ అడిగినా మీకు లోయికే. నేను అడిగితే మీకు నేనేం మిగులుతాను?"

మన మెప్పు దాని నోరు కట్టేసిందన్నమాట. మనం ప్రేమతోనే అన్నాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. సంచిలో బియ్యం, ఉల్లికాడలు, చేపల డబ్బా ఉన్నాయి. ఇద్దరం కలిసి వండుకున్నాం. అది తినే తీరు చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రేపు గురువారం ఆ హాలుకి వెళ్లి, ఆ పెద్దాయనకి జరిగింది చెప్పి, తీసుకున్న సంచికి బదులుగా నాకేదైనా పని ఇమ్మని అడుగుతాను.

నాన్నకి చెప్పొద్దంది. నేను మాటివ్వలేదు. డబ్బు సంగతి నేనొచ్చాక చూద్దాం. ఈలోగా దానికి ఫోను చేస్తావు కదా, ఎప్పటిలా "అంతా బాగేనా తల్లీ?" అని అడక్కు. అలా అడిగితే బాగే అంటుంది. ఏం తిన్నావని అడుగు. అది చెప్పేదాకా ఫోను పెట్టకు.

మారివోన్