రెండు వందల పదమూడో నంబరు పిస్టల్

కోవెంట్రీలో ఉంటున్న తాళ్ళూరి పుష్పలీల అను నేను, స్వర్గీయ పాండురంగం గారి భార్యను, వయస్సు అరవై తొమ్మిది, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న మరణశాసనం ఇది. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది, బుర్రలో లేదు. నా మరిది వెంకటాచలం రేపు ఎవరితోనైనా ‘వదినకు చివర్లో మతి తప్పింది’ అంటే ఈ మాట చదివి వినిపించాలి. ఇంతకు ముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత వెంకటాచలం కూతురు నీలిమకు అప్పగిస్తున్నాను. నాకు పిల్లలు లేరు. ఇల్లు, ఇంట్లో సామాను, దిగువ వేరుగా చెప్పినవి మినహా, ఆ పిల్లకే. దానికి తండ్రి పోలికలు రాలేదు. అడిగితే ‘ఓకే పెద్దమ్మా, బట్ డాడీ విల్ గో మెంటల్’ అంది. అవనీ.

2. నా టార్గెట్ పిస్టల్. గాలి ఒత్తిడితో పేలేది, పది మీటర్ల పోటీలకు వాడేది, లైసెన్సు అక్కర్లేనిది. ఒక జర్మన్ కార్ఖానా తన నూరేళ్ళ పండుగ గుర్తుగా 2011లో ఇలాంటివి మూడు వందలే చేసింది. నాది రెండు వందల పదమూడోది.

దీన్ని బర్మింగ్‌హామ్‌లో ఒక కొట్లో కొన్నాను. కొట్టువాడు నా మొహమైనా చూడకుండా మా ఆయన్ని అడిగాడు, అరచెయ్యి కొలత ఎంత అని. ‘నేను సంచీ మొయ్యడానికి వచ్చాను, పేల్చేది ఆవిడ’ అన్నారు ఆయన. అప్పటికి పందొమ్మిదేళ్ళుగా క్లబ్బులో పేలుస్తున్నాను. గేర్‌బాక్సుల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్షన్ చేశాను. వెంట్రుకలో పదో వంతు తేడా వస్తే పళ్ళచక్రం పక్కకు నెట్టిన చెయ్యి ఇది. ఆ చేత్తో ట్రిగ్గర్ మీద వేలు ఆనించాను. ట్రిగ్గర్ కాస్త వెనక్కి వచ్చి ఒక మెట్టు దగ్గర ఆగింది. ఆపైన ఇంకాస్త బరువు వేశానో, వేద్దామనుకున్నానో, టక్కున వదిలింది. ఎక్కడా గరుకు లేదు. ఇంత శుభ్రమైన పని చేసినవాళ్ళకు నమస్కారం పెట్టాలనిపించింది.

వాల్‌నట్ కర్ర పిడి మాత్రం నా చేతికి పెద్దదైంది. వంటింటి బల్ల మీద పెట్టి ఆకురాయితో అరగదీశాను. కర్రపొట్టు మా ఆయన ఊడ్చారు. అది చూసి వెంకటాచలం గుండెలు బాదుకున్నాడు. ‘అయ్యో వదినా, కలెక్టర్స్ పీస్‌ని చెక్కేశావా! వాల్యూ మొత్తం పోయింది కదా!’ ఇరవై ఏళ్ళుగా లండన్ వెంబ్లీలో ఇళ్ళు అమ్మిపెడుతున్నాడు. ఏ వస్తువును చూసినా అతనికి అమ్మకపు బోర్డే కనిపిస్తుంది.

3. అతనూ ఒకటి కొన్నాడు. ఎనభై ఎనిమిదో నంబరు. ఎనిమిదులు కలిసొస్తాయట. ఒక్కసారీ పేల్చలేదు. ఎప్పుడూ సిరా పోయని పెన్నుల పక్కన, ఎవరూ అన్నం తినని పళ్ళేల పక్కన, హాల్లో అద్దాల బీరువాలో పెట్టాడు.

మా ఆయన పోయిన మరుసటి ఏడు నేను కౌంటీ పోటీలో పది గుళ్ళకు నూటికి తొంభై ఆరు కొట్టాను; నడిమధ్య తగిలిన గుండుకు పది. ఆ టార్గెట్ కార్డు చూపిస్తే, ఫ్రేము కట్టిస్తానని వెంకటాచలం పట్టుకుపోయాడు. కట్టించాడు. 2015 ఉగాది భోజనాలకు వాళ్ళింటికి వెళితే అది ఆ బీరువాలో, అతని పిస్టల్ పక్కనే ఉంది. ఎవరో కుర్రాయన వచ్చి, ‘మీ మరిదిగారికి భలే గురి ఆంటీ, తొంభై ఆరంట!’ అన్నాడు.

నలభై మంది ముందు పిలిచాను. ‘వెంకటాచలం, గుండు ఎక్కడ పెడతారో వీళ్ళకు చూపించు.’

పిస్టల్ తీసి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. ‘తెరిస్తే వారంటీ పోతుంది వదినా’ అన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి నా తోడికోడలు అలివేలుమంగ వచ్చింది. చేతులు తుడుచుకుని, పిస్టల్ అతని చేతిలోంచి తీసుకుని, పక్కనున్న మీట పైకెత్తింది. ‘ఇదిగో, ఇక్కడక్కా.’

‘నీకెలా తెలుసు?’ అని అరిచాడు.

‘మీరు ఆఫీసుకెళ్ళాక రోజూ తీస్తాను. గుళ్ళు లేవుగా, ఉత్తినే. క్యాలెండర్లో పదో తారీఖు మీద గురి పెట్టుకుంటాను.’

ముప్పై ఏళ్ళలో ఆవిడ అన్ని మాటలు ఒకేసారి అనడం నేను వినలేదు. అతను పులిహోర చల్లారిపోతోందని కేకలేశాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

4. ఆవిడ మాత్రం ప్రతి గురువారం రైలెక్కి కోవెంట్రీలో మా క్లబ్బుకు వస్తోంది. మొదటి నెలంతా గోడకు కొట్టింది. ఇప్పుడు ఎనభై ఎనిమిదికి తగ్గడం లేదు. ‘ఈ వయసులో ఏం పిచ్చి నీకు?’ అని అతను రోజూ అడుగుతాడట. అడగడానికి అలవాటుపడిన మనిషి, జవాబు కోసం ఆగడు. కాబట్టి నా పిస్టల్ అలివేలుమంగకు ఇస్తున్నాను. ఆవిడ వేళ్ళు నాకంటే పొట్టివి. పిడి ఎంత కావాలంటే అంత అరగదీసుకోవచ్చు.

5. వెంకటాచలానికి: నా పిస్టల్ తాలూకు పెట్టె, లోపలి మఖమల్ పరుపు, కార్ఖానావారు సంతకం చేసిన ధ్రువపత్రం. అతను ప్రేమించేవన్నీ ఇందులో ఉన్నాయి.

6. మా ఆయన టీ ఫ్లాస్కు నీలిమకు. మూత సరిగా పట్టదు. క్లబ్బులో నా వెనక కుర్చీలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఎన్నడూ స్కోరు అడగలేదు. ‘చేతులు చల్లబడ్డాయా?’ అని మాత్రం అడిగేవారు.

7. మొన్న వెంకటాచలం మూడున్నరేళ్ళ తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో తేనె. ‘సాక్షి సంతకానికి నేనొస్తా వదినా, ఇంటివాణ్ణి కదా.’ సాక్షికి గానీ, సాక్షి భార్యకు గానీ రాసినది ఈ దేశంలో చెల్లదని నా సొలిసిటర్ చెప్పింది. ఆ సంగతి అతనికి తెలిసే అడిగాడో, తెలియక అడిగాడో తేల్చుకోవడానికి నా దగ్గర టైము లేదు. అతను ఈ కాగితం మీద ఎక్కడా సంతకం పెట్టరాదు.

8. జనవరిలో మొదలయ్యే లీగ్‌లో నా స్థానంలో అలివేలుమంగ పేరు నేనే రాయించాను. పోటీలు ఆదివారాలు. ఆ పూట వాళ్ళింట్లో వంట ఎవరు చేయాలన్నది ఈ వీలునామా పరిధిలోకి రాదు.

కోవెంట్రీ, 2018 నవంబరు 15, గురువారం.

(సం.) తాళ్ళూరి పుష్పలీల

ఆవిడ మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూసి, ఆవిడ ఎదుటే మేమూ చేసిన సంతకాలు:
శేషగిరి, క్లబ్బు కార్యదర్శి
మార్గరెట్ హోల్ట్, పక్కింటావిడ