ఇసుకలో వెతికిన మెట్టెలు

మిర్యాలగూడలో ఉన్న అక్కకు, బావకు దండాలు.

మీరంతా మంచిగున్నరనుకుంట. నేను బాగానే ఉన్న, నా గురించి రంది పెట్టుకోకు. ఇక్కడ ఉప్పుగాలికి బట్టలు సరిగ్గ ఆరవు. చేపల కూర అలవాటైంది. ఎవరన్న ఇటు వస్తే జర కారంపొడి పంపు.

మొన్న ఫోన్ల, "సింధు పెండ్లికి రా చెల్లె, కని పీటల కాడ జర ఎనకకు ఉండు, మావోళ్లు ఏమన్న అంటరు" అన్నవు. ఇది ఫోన్ల చెప్పేది కాదు. అందుకే రాస్తున్న.

నా పని నీకెప్పుడూ సరిగ్గ చెప్పలేదు. బీచ్‌లో ఇసుక తీసి ల్యాబ్‌కు తెస్తం. కొంత ఎండబెట్టి, తూచి, కాల్చి మళ్లీ తూస్తం. తగ్గిన బరువే అందులో కుళ్లిన ఆకు, నాచు, మురుగు. ఇంకొంత ఇసుకలో సీసం, రాగి ఎంతున్నయో చూస్తం. అవి ఉండేది అతి తక్కువ. ఉంగరం రాసుకున్నా లెక్క తప్పొచ్చు. అందుకే ఒడ్డున దిగే ముందు అందరు ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసి టిఫిన్ డబ్బాలో వేస్తరు. ప్లాస్టిక్ చెంచాలతోనే పని.

ఆ కాసేపు, అక్కా, అందరి చేతులూ నా చేతుల లెక్కనే ఉంటయి.

పోయిన వారం పని అయినంక డబ్బా మూత తీస్తూ రమణి నా కాలు చూసింది. ఇక్కడి పిల్లే, కొత్తగా చేరింది.

"అయ్యో అక్కా, వేలికి మెట్టెల గుర్తుంది, మెట్టెల్లేవు! ఇసుకలో పడిపోయినట్టున్నాయి. వెండి గానీ శాంపిల్లో కలిసిందంటే సార్ మనల్ని సముద్రంలో కలిపేస్తారు!"

మోకాళ్ల మీద కూర్చుని వెతకబట్టింది. ఇంకో ఇద్దరు కూడా వంగిన్రు. వాళ్లతోపాటు నేనూ వంగి వెతికిన.

చివరికి చెప్పిన. "వెతకకు రమణీ. మా ఆయన దినాల నాడు కోదాడల తీసేసిన్రు."

"ఎప్పుడక్కా?"

"పోయిన ఎండాకాలం."

రమణి డబ్బా మూత మళ్ల పెట్టింది. బండి వచ్చేదాక ఆ డబ్బాలోంచి ఎవ్వరూ ఏమీ తీసుకోలేదు.

అక్కా, పెండ్లికి వస్త. సింధు పుట్టినప్పుడు దవాఖానల నువ్వు తెలివి తప్పి ఉన్నవు. దాన్ని మొదట ఎత్తుకున్నది నేను. దాని తల మీద అక్షింతలు వేస్త. వద్దంటే ఇప్పుడే చెప్పు. ఆడికొచ్చినంక నలుగురిల చెప్పకు, నన్ను చూసి పిల్ల పీటల మీద ఏడుస్తది.

నిడమనూరు చిన్నమ్మకు నా దండాలు చెప్పు. సింధుకు ముద్దులు. మీ దీవెన నా మీద ఉండాలె.

జవాబు నువ్వే చెప్పు, బావతోని చెప్పియ్యకు.

నీ చెల్లె,
సుజాత