చొక్కాకు దుమ్ము లేని పెళ్ళికొడుకు

తారానగర్,
4 ఫిబ్రవరి 2008

తిమ్మమ్మత్తకు ఇంద్రసేన నమస్కారాలు.

ఫోను చేస్తే ఆఫీసంతా వింటుందని ఉత్తరం రాస్తున్నాను. మూడో సంబంధమూ తప్పిపోయింది. నేను పనిచేసే ఇనుప గనిలో లారీల తూకం కంప్యూటర్లో ఎలా ఎక్కుతుందని అమ్మాయి మర్యాదకు అడిగింది. గంటన్నర చెప్పాక చూస్తే కునుకు తీస్తోంది. "వీడు కంప్యూటర్‌నే కట్టుకోనీ" అన్నాడట వాళ్ళ నాయన. నాకూ ఒక మనిషితో కబుర్లు చెప్పుకుంటూ బతకాలని ఉందత్తా.

నీ అల్లుడు,
ఇంద్రసేన

తా.క. ఆమె లేచాక, ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టిన మాట నిజమే.

కంప్లి,
8 ఫిబ్రవరి

చిరంజీవి ఇంద్రసేనకు మేనత్త దీవెనలు.

మా వీధిలో రోహిణి అని చక్కని పిల్ల ఉండాది. వాళ్ళ నాయన హంపయ్య లారీలు మీ గనుల పక్కనే తిరుగుతాయి. ఆదివారం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకొని రా. కంప్యూటర్ అన్న మాట మాత్రం నీ నోట రాకూడదు. ఏమడిగినా తల ఊపు, చాలు.

తిమ్మమ్మ

తా.క. నోరు తెరవాల్సింది ఉప్మా తినేదానికే.

తారానగర్,
18 ఫిబ్రవరి

అత్తకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. ఆమె కూడా మాట్లాడలేదు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటుంటే మాత్రం నవ్వింది. ఆ పిల్ల నాకు చాలా నచ్చిందత్తా. వాళ్ళేమన్నారు?

ఇంద్రసేన

తా.క. వేరే పని లేక ఉప్మా మూడుసార్లు పెట్టించుకున్నాను.

కంప్లి,
21 ఫిబ్రవరి

చిరంజీవి ఇంద్రసేనకు,

కొంప మునిగిందప్పా. "గనుల్లో పనంటాడు, చొక్కా మీద ఎర్ర దుమ్ము చుక్క లేదు. మా డ్రైవర్ల రెప్పలు కూడా ఎర్రగుంటాయి. వీనికి పనీ లేదు, పాటా లేదు" అంటాడు హంపయ్య. నువ్వు ఏసీ గదిలోకి చెప్పులు విప్పి పోతావని చెబుదామంటే కంప్యూటర్ మాట వస్తాది. వచ్చే ఆదివారం దుమ్ముతో రా.

నీ అత్త

తా.క. ఈడ అంత ఎర్ర దుమ్ము దొరకదు. ఆడ నుంచే తెచ్చుకో.

తారానగర్,
3 మార్చి

అత్తకు నమస్కారాలు.

వీధి మొదట్లో బస్సు దిగి, దోసెడు దుమ్ము చొక్కాకు రుద్దుకొని వచ్చాను. హంపయ్యగారు సంబరంగా భుజం తట్టి, "నీకు సొంత లారీలు ఎన్నుండాయి? ఐదా?" అన్నారు. తల ఊపాను. "పదా?" అన్నారు. మళ్ళీ ఊపాను. రోహిణి నన్నే చూస్తోంది, ఈసారి నవ్వలేదు. నాకు సిగ్గేసింది. ఈ అబద్ధం మీద పెళ్ళి వద్దత్తా. వాళ్ళకు నిజం చెప్పెయ్యి. ఆ పిల్ల దక్కకపోతే ఏడుస్తాను, అయినా చెప్పెయ్యి.

ఇంద్రసేన

తా.క. చివరిసారి తల ఊపేటప్పటికి లారీలు పద్నాలుగు.

కంప్లి,
6 మార్చి

చిరంజీవి ఇంద్రసేనకు అత్త దీవెనలు.

నేను పోయేలోపే రోహిణి మా ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, దుమ్మంతా చొక్కా ముందరే ఉండాది. వీపు మీద లేదు, చెవుల్లో లేదు. గనికి లారీ తోలే మా అన్న బట్టలు ఉతికేది నేనే, నాకు తెలీదా? ఆయన నిజంగా చేసే పనేంది?" అనింది.

చెప్పేసినా. ఆ పిల్ల పడీ పడీ నవ్వి, తర్వాత కండ్లు తుడుచుకునింది. బస్టాండు దగ్గర సెంటర్లో పిల్లోళ్ళకు కంప్యూటర్ నేర్పేది ఈమేనంట. అట్లాంటి పిల్ల అంటే మగపెళ్ళివాళ్ళు బెదిరిపోతారని, ఆ మాట ఎత్తొద్దని వాళ్ళమ్మ ఒట్టేయించుకున్నాదంట. మీరిద్దరూ ఒకటే మాట మింగి ఎదురెదురుగా కూర్చున్నారు కదప్పా!

వాళ్ళింట్లో రోహిణే అంతా చెప్పింది. పద్నాలుగు లారీలు పోయినందుకు హంపయ్య ఒక పూట అన్నం మానేసి, సాయంత్రానికి ఒప్పుకున్నాడు.

తిమ్మమ్మ

తా.క. ఇది రాస్తున్నది నేను, రోహిణిని. ఆదివారం సెంటర్‌కు రండి. రెండు కంప్యూటర్లు మొండికేశాయి. మీరొకటి, నేనొకటి. ముందు బాగుచేసిన వాళ్ళు చెప్పిన నెలలోనే పెళ్ళి. నేను గెలిస్తే వచ్చే నెలే.