దువ్వెన వైపు వాలిన నీళ్లు

నాచారం, 17 మార్చి 1968, ఆదివారం

కళ్లు మూసుకుంటే నీటిధారే కనిపిస్తోంది, కలలోలా మెల్లగా వంగుతూ.

నేను సైన్సు చెప్పిన ఉప్పల్ బడిలోనే లెక్కలు చెప్పిన దావీదు చర్చి నుంచి ఇటే వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ముందు దువ్వెనతో నీటిధారను వంచే నా ప్రయోగం తప్పిన రోజున అందరికంటే గట్టిగా నవ్వింది అతనే. నాకు ‘దువ్వెన సారు’ అని పేరు పెట్టిందీ అతనే. తలనిండా కొబ్బరినూనె ఉంటే దువ్వెనకు విద్యుత్తు పుట్టదని అన్ని పుస్తకాలు చదివిన నాకు ఆనాడు తట్టలేదు.

ఇవాళ అతన్ని నల్లా దగ్గరికి తీసుకెళ్లాను. కుంకుడుకాయలతో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకున్న నా భార్య రత్నమ్మను నాలుగుసార్లు దువ్వుకోమన్నాను.

“గిన్నేండ్లకు నా ఎంటికల మీద మనసైందా?” అంది.

సన్నగా విప్పిన నల్లా దగ్గరికి ఆ దువ్వెన తేగానే నీటిధార అటు వాలింది. నీటిలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుకుంటుందని, హైడ్రోజన్‌కు తక్కువ మిగులుతుందని, ఆ సమానం కాని పంపకం వల్లే నీళ్లిలా వంగుతాయని చెప్పాను.

“గిప్పుడు నవ్వు, సూస్త!” అన్నాను.

“నేనెప్పుడు నవ్విన బావా? నాకు యాదికి లేదు,” అన్నాడు దావీదు, ధార మీంచి చూపు తిప్పకుండా. “జర మళ్లొక్కసారి జెయ్యి.”

తప్పయిందని అతనితో అనిపించాలనుకున్నాను. కానీ అతను అడిగినకొద్దీ, నల్లాలో నీళ్లు బందయ్యేదాకా చేసి చూపిస్తూనే ఉన్నాను.