కిటికీ పక్క కుర్చీ

ప్తుయ్, మంగళవారం

మార్యేతక్కా,

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. యూరప్ దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న బాలబడి సూత్రాల్లో పిల్లల మాటా వినాలని ఒకటుంది కదా. "నాలుగేళ్ల వాళ్లని ఏం అడుగుతావే" అని నువ్వు నవ్వావు. నేనూ నవ్వుతూనే నా బడి పిల్లల చేతికి కెమెరా ఇచ్చి, మీకు భయమేసే చోటు ఫొటో తీయండి అన్నాను. చీకటిగా ఉండే సామాన్ల గది తీస్తారనుకున్నాను.

పదకొండు మందిలో తొమ్మిది మంది కిటికీ పక్క కుర్చీ తీశారు. సూప్ మొత్తం తాగేదాకా లేవకూడదని నేను కూర్చోబెట్టే కుర్చీ. నువ్వు బాలబడి టీచరుగా ఉన్నప్పుడు నాకు నేర్పిన పద్ధతే, అక్కా. పిల్లలు బాగా తింటున్నారని తల్లులంతా నన్ను మెచ్చుకునేవాళ్లు.

అప్పటికప్పుడే కుర్చీని నేలమాళిగలో పడేశాను.

ఇవాళ పులియబెట్టిన క్యాబేజీ సూప్. పిల్లల్లో నేజా తాగలేకపోయింది. నేనేమీ అనలేదు. తనే లేచి, గిన్నె పట్టుకుని, కుర్చీ ఉండే చోటికెళ్లి నిలబడింది.

"ఇక్కడెందుకమ్మా?" అన్నాను.

"కుర్చీ లేదు కదా టీచర్, నిలబడే తాగుతాను."

నువ్వు కూర్చోబెట్టిన వాళ్ల పేర్లు నీకు గుర్తున్నాయా? ముప్పై ఏళ్లుగా నేను కూర్చోబెట్టిన వాళ్లలో నాకు ఒక్క పేరూ గుర్తులేదు.

నీ చెల్లెలు