నిలబడి తిన్న ఇల్లు

సత్యవతీ,

మన అమ్మాయికి అన్నం దిగే గొట్టం బిగుసుకుపోతే డాక్టర్లు కోసి వదులు చేసి పన్నెండేళ్లయింది. మళ్లీ బిగుసుకుంటుందేమోనని నువ్వు పోయేదాకా భయపడ్డావు. పొద్దున పరీక్ష చేసిన డాక్టరమ్మ, "ఇంకా బాగా తెరుచుకునే ఉంది. గుండెల్లో మంటకి మాత్రలు మానొద్దు, ఏటా చూపించుకోండి" అంది.

అప్పట్లో నిలబడితేనే దానికి ముద్ద దిగేది. అది చిన్నబుచ్చుకోకూడదని నువ్వు మనందరినీ నిలబెట్టే తినిపించేదానివి. ఇవాళ అది పీట మీద కూర్చుని, మధ్యలో నీళ్లు తాగకుండా నాలుగు బెల్లం గారెలు తింది. నేను మాత్రం ఇంకా పాత అలవాటునే కంచం పట్టుకుని గదంతా తిరుగుతున్నాను.

"కూకో నాన్నా. నాకు గారె దిగతంది గాని, నిన్ను సూత్తే కళ్లు తిరుగుతన్నాయి" అంది.

కూర్చున్నాను. రెండో గారె సగంలో వదిలేసి, నీకు చెప్పాలని లేచి వచ్చి ఇది రాస్తున్నాను.