పేరు చోట మోగిన గంట

విజయవాడ గుణదల కాపురస్థుడు, కీర్తిశేషులు పల్లెపాటి జక్కయ్య గారి కుమారుడు, వన్ టౌన్ బజారులో స్తంభాలకు మైకు హారన్లు కట్టి పాటలూ ప్రకటనలూ వినిపించే 'మార్త సౌండ్ సర్వీస్' నడుపుతున్న పల్లెపాటి సొలొమోను అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టంతో రాయిస్తున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిన మాట వాస్తవమే. బుర్ర మాత్రం భేషుగ్గా ఉందని డాక్టరు గారే అన్నారు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే భారం ప్లీడరు సంజీవరావు గారిది.

1. గుణదల ఇల్లు, అందులోని సమస్త సామానూ నా భార్య మార్తకు చెందవలెను. సర్వీసుకి తన పేరు పెడితే, తన పేరు స్తంభాలెక్కించి అరిపిస్తున్నానని నెల్లాళ్ళు సణిగింది. ఆ మనిషే కుట్టుమిషను అమ్మి నాకు హారన్లు కొనిపెట్టింది. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

2. మా అన్న కొడుకు జాన్‌బాబుకు పాత ఆంప్లిఫయరు, రెండు హారన్లు, తోపుడుబండి. నేను పోగానే సర్వీసు మూసేసి సెట్టంతా పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుదామని వాడి ఆలోచన. పిల్లవాడు మంచివాడే, తొందరెక్కువ. ఇచ్చినవి తిప్పుకోనీ. బజారు స్తంభాల మీది హారన్ల జోలికి మాత్రం రాకూడదు.

3. కాఫీ హోటలు తిరుపతిరావు గారు మా మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయని పొద్దున పోలీసులకు ఫిర్యాదు చేసి, సాయంత్రానికి ఫలానా పాట వెయ్యమని చీటీ పంపేవారు. ఆయన అడిగి అడిగి అరగదీసిన ఆ రికార్డు ఆయనకే. ఇంట్లో మెల్లగా పెట్టుకుని వినమనండి.

4. స్తంభాల మీది హారన్లు, రికార్డులు, మైకు, సర్వీసు పేరుతో సహా సర్వహక్కులతో ఛాయాదేవి గారికి చెందవలెను. ఈమె బట్టల కొట్టు బసవపున్నయ్య గారి కోడలు. కారణం చెప్తాను.

డెబ్భై ఒకటిలో బసవపున్నయ్య గారు తమ కొట్టు మీది గది ఇస్తే సర్వీసు మొదలుపెట్టాను. పాటకీ పాటకీ మధ్య కొట్ల ప్రకటనలు నేనే చదివేవాణ్ణి. నా గొంతులో పడితే చీరల ప్రకటన కూడా చావు కబురులా ఉందని షావుకార్లు గోలపెట్టారు. ఒకనాడు నాకు దగ్గు తెరలు ముంచుకొస్తే, మజ్జిగ తెచ్చిన ఛాయాదేవి గారు చీటీ అందుకుని చదివేశారు. ఆమె పుట్టిల్లు కూచిపూడి. పద్యం, పాట వింటూ పెరిగిన నోరు. బజారులో బేరాలు ఆగిపోయాయి.

రేడియోలో లాగే చదివేవారి పేరు చెప్పాలని నా పట్టుదల. బసవపున్నయ్య గారు ఒప్పుకోలేదు. "గొంతు వినపడితే వినపడనీ సొలొమోనూ. మా ఇంటి కోడలి పేరు మాత్రం బజార్న పడకూడదు" అన్నారు. గది ఆయనది, కోడలు ఆయన కోడలు. ఏం చెయ్యను? "ప్రకటనలు చదువుతున్నది" అని ఆమె అనగానే, పేరు చోట నేను గంట కొట్టేవాణ్ణి. బజారు ఆమెకు గంటమ్మ అని పేరు పెట్టింది.

దివిసీమ ఉప్పెనప్పుడు ఆమె తిండి మాని, తప్పిపోయినవాళ్ళ పేర్లూ దొరికినవాళ్ళ పేర్లూ గొంతు పోయేదాకా చదివారు. బాధితులతో ఊరు చేరిన సుబ్బరత్నమ్మ గారు తన పేరు విని మా మెట్లెక్కి వచ్చారు. ఆమె బసవపున్నయ్య గారి చెల్లెలు. అన్నాచెల్లెళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే ఛాయాదేవి గారు కళ్ళు తుడుచుకుని తరవాతి పేరు చదివారు. అంతమంది పేర్లు చదివిన మనిషి పేరు ఒక్కసారైనా ఆ హారన్లలో వినపడలేదు. నా కడుపులో ఉన్న కష్టం ఇదొక్కటే.

5. ఆ ఇత్తడి గంట బసవపున్నయ్య గారికి. ఆయన గది ఇవ్వకపోతే నేను లేను. ఆయన మీద కోపం ఉంది, అంతకు మించి కృతజ్ఞత ఉంది. గంటని పూజగదిలో పెట్టుకోమని ప్రార్థన.

6. నేను పోయిన మర్నాడు ఈ వీలునామాని ఛాయాదేవి గారే మైకులో, నాలుగో క్లాజు వదలకుండా చదవవలెను. "చదువుతున్నది" అన్న తరవాత ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. నేను వినలేనన్న దిగులు తప్ప నాకింకే లోటూ లేదు. దేవుడు నన్ను చల్లగా చూశాడు.

విజయవాడ, 18-8-1979.
(సంతకం) పల్లెపాటి సొలొమోను

సాక్షులు:
1. మాణిక్యం, రేడియో రిపేరు, వన్ టౌన్.
2. వేమూరి బసవపున్నయ్య, బట్టల వ్యాపారి, ఛాయాదేవి మామగారిని. అంతా చదివించుకుని విన్నాను. గంట ఇవాళే ఇంటికి పట్టుకెళ్తున్నాను. రేపు పొద్దున ఆ పేరు సొలొమోను కూడా వినాలి.